బేస్ గిటారుకు ఎన్ని తీగలు కావాలి?



పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో కాజీపేట దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మా ప్రోగ్రాం అయిపోయింది. రాత్రి పదకొండు దాటింది. కేబుళ్లు చుట్టుకుంటున్నాం. ఒక పిల్లవాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, స్టేజి పక్కకు వచ్చి నిలబడ్డాడు. "అన్నా, ఒక్క మాట అడగాలె" అన్నాడు. అడుగు తమ్మీ అన్నాను. "నేను మా చర్చిల బేస్ వాయిస్త. ఇన్ని రోజులు వేరేటోళ్లది అడుక్కొచ్చి వాయించిన. ఇప్పుడు బాపు కొనిస్త అంటున్నడు. ఒక్కదానికే పైసలున్నయి. ఫోర్ స్ట్రింగ్ కొనాల్నా, ఫైవ్ స్ట్రింగ్ కొనాల్నా?"

బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నిలబడి ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు. తండ్రి కష్టపడి కూడబెట్టిన డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న. "ఆలోచించి చెప్త తమ్మీ" అని వచ్చేశాను. ఇవాళ రేడియోలో మాట్లాడమన్నారు కనుక ఆ తమ్ముడికీ, అతనిలాంటి పిల్లలకూ ఇక్కడి నుంచే జవాబు చెప్తాను. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ జిల్లాలో బేస్ గిటార్ వాయించి బతుకుతున్నవాణ్ణి. పెళ్లిళ్లు, చర్చిలు, గణేశ్ నవరాత్రులు, దసరా ప్రోగ్రాములు, ఎప్పుడైనా ఒక రికార్డింగ్. నేను చెప్పేది ఈ పని చేసేవాడి లెక్క.

బేస్ గిటార్ ఏమిటో తెలియని శ్రోతలు కూడా ఉంటారు. ఆర్కెస్ట్రాలో అందరికన్నా వెనక, డ్రమ్స్ పక్కన నిలబడి, లావు తీగలున్న పొడుగు మెడ గిటారు మీటే మనిషిని మీరు చూసే ఉంటారు. అతను ఏం వాయిస్తున్నాడో విడిగా చెవికి తెలియదు. అతను ఆపేస్తే మాత్రం పాట కింద నేల జరిగినట్టుంటుంది. ఈ పని మన ప్రాంతానికి కొత్తది కాదు. బైండ్లవాళ్లు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయించే జమిడిక మీలో చాలామంది విన్నారు. దానికి ఉండేది ఒక్క తీగ. ఆ తీగను బిగిస్తూ, వదులుతూ మీటితే గుమ్మని ఒక మూలుగు వస్తుంది. కథకుడి గొంతును రాత్రంతా ఆ మూలుగే మోస్తుంది. ఒక్క తీగతో తెల్లవారుతుంది. అందుకని ఎన్ని తీగలు అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ముందు జమిడికే గుర్తొస్తుంది.

బేస్ గిటారుకు నాలుగు తీగలు ఎందుకు వచ్చాయో చెప్తాను. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన ప్రెసిషన్ బేస్ అనే వాయిద్యాన్ని బజారులోకి తెచ్చాడు. అప్పటిదాకా బేస్ అంటే నిలబెట్టి వాయించే డబుల్ బేస్. మనిషి కన్నా ఎత్తు. మోసుకుపోవడం కష్టం, మిగతా వాయిద్యాల హోరులో వినిపించడం ఇంకా కష్టం. ఫెండర్ దాన్ని భుజాన వేసుకునేలా చేసి, కరెంటుకు కలిపి, మెడ మీద ఫ్రెట్లు వేశాడు. ఫ్రెట్ అంటే మన వీణకు మెట్టు. తీగ పొడవు 34 అంగుళాలు. డబుల్ బేస్‌కు ఎలాగూ నాలుగు తీగలే కనుక దీనికీ నాలుగే పెట్టాడు. అదే శ్రుతి: ఇ, ఎ, డి, జి. అన్నిటికన్నా కిందిది ఇ. సెకనుకు 41 సార్లు కంపిస్తుంది.

ఇరవై నాలుగేళ్ల తర్వాత న్యూయార్క్‌లో ఆంథొనీ జాక్సన్ అనే బేస్ విద్వాంసుడు ఆ లెక్కనే ప్రశ్నించాడు. ఇది గిటార్ కుటుంబంలోది, గిటారుకు ఆరు తీగలుంటే దీనికి నాలుగే ఎందుకుండాలి అన్నాడు. 1975లో కార్ల్ థాంప్సన్ అనే తయారీదారు చేత ఆరు తీగలది చేయించుకున్నాడు. కింద ఒక బి, పైన ఒక సి. ఆ తర్వాతి పదేళ్లలో కీబోర్డులు స్టూడియోల్లోకి వచ్చిపడ్డాయి. కీబోర్డులో నొక్కే బేస్‌కు ఇ దగ్గర ఆగిపోవాలన్న అడ్డు లేదు, ఎంత కిందికైనా దిగుతుంది. దానితో పోటీ పడలేక బేస్ వాయించేవాళ్లు ఇ కింద ఇంకో తీగ అడిగారు. అలా ఐదు తీగలది షాపుల్లోకి మామూలుగా వచ్చేసింది.

తీగలు పెంచుకోవడం మన సంగీతంలోనూ జరిగింది. మైసూరు చౌడయ్య గారు వయొలిన్‌కు ఏడు తీగలు పెట్టుకున్నారు. మైకులు లేని రోజులు. సభ పెద్దది, ముందు కూర్చున్న గాయకుడి గొంతూ పెద్దది. వయొలిన్ చివరి వరసకు వినిపించాలి. అదే కాలంలో మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నాలుగు తీగల మీదే దేశమంతా చెవులప్పగించి వినేలా వాయించారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని వాదించుకునేవాళ్లు వాదించుకోనీ. చౌడయ్య గారికి ఆ మూడు తీగలు ఎందుకు కావాలో తెలుసు. ద్వారం వారికి ఎందుకు అక్కర్లేదో తెలుసు. నాకు మాత్రం చాలా ఏళ్లు తెలియలేదు.

నా మొదటి బేస్ కలకత్తాలో తయారైన గివ్‌సన్. 2003లో హనుమకొండలో కొన్నాను. అప్పటికే ఇద్దరి చేతులు మారింది. నాలుగు తీగలు. పాత పాటలు వాయించినన్నాళ్లు దానితో ఏ లోటూ తెలియలేదు. లోటు తెలిసింది నర్సంపేట వైపు ఒక పెళ్లిలో. కొత్త సినిమా పాట ఒకటి, రికార్డులో ఎఫ్ శ్రుతిలో ఉంది. మా గాయకుడికి ఆ రోజు గొంతు బాగా లేదు. "డిలో పెట్టుండ్రి అన్నా, పై చరణం అందుతలేదు" అన్నాడు. కీబోర్డ్ అన్న శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ మూడుసార్లు నొక్కాడు, ఆయన పని అయిపోయింది. నాకు బటన్ లేదు. ఎఫ్ అయితే నా ఇ తీగ మీద మొదటి ఫ్రెట్‌లో ఉంది. డి అంతకన్నా మూడు మెట్లు కిందిది. నా వాయిద్యం ఇ దగ్గరే అయిపోతుంది. ఇక చేసేదేముంది, ఎ తీగ మీద ఐదో ఫ్రెట్‌కు పోయి పైస్థాయి డి పట్టుకున్నాను. అంటే పాట మూడు మెట్లు కిందికి దిగితే నా బేస్ తొమ్మిది మెట్లు పైకి ఎక్కింది. పాట పల్చబడిపోయింది. వినేవాళ్లకు కారణం తెలియకపోవచ్చు, కాళ్లకు తెలుస్తుంది. ముందు వరుసలో ఆడుతున్న పిల్లలు రెండో చరణానికి కుర్చీల్లోకి పోయారు.

పాట అయ్యాక మా లీడర్ దగ్గరికొచ్చి, "ఇట్లాంటి పాటలకు నువ్వు ఆగు, కీబోర్డ్‌లనే బేస్ పెడదాం" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ రాత్రి నాలుగు పాటలకు చేతులు కట్టుకుని నిలబడ్డాను. తర్వాతి నెల ప్రోగ్రాంకు నాకు ఫోన్ రాలేదు.

దీని వెనక ఒక కఠినమైన సంగతి ఉంది. ఆర్కెస్ట్రాలో ఖర్చు తగ్గించాలంటే ముందు తగ్గేది బేస్ వాయించే మనిషే. పాడేవాళ్లను తీయలేరు. రిథం ప్యాడ్స్ వాయించేవాణ్ణి తీస్తే ఊపు పోతుంది. బేస్‌దేముంది, కీబోర్డ్ ఎడమ చేతిలో ఉంది కదా అంటారు. ఇప్పుడు ఇంకా కష్టం. పెన్‌డ్రైవ్‌లో గొంతు లేని మైనస్ ట్రాక్ తెచ్చుకుని పాడేసేవాళ్లు ఎక్కువయ్యారు. పదకొండు మందితో నడిచిన పార్టీలు నలుగురికి వచ్చాయి. కాబట్టి నాలుగా ఐదా అన్నది సోకుకు అడిగే ప్రశ్న కాదు. స్టేజి మీద మన చోటు మనకు ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న.

ఐదు తీగలది 2011లో సికింద్రాబాద్‌లో పాతది దొరికితే కొన్నాను. కొన్నాక మూడు నెలలు నరకం చూశాను. ఎనిమిదేళ్లుగా నా చేతికి అన్నిటికన్నా పైన తగిలే లావు తీగ అంటే ఇ. ఇప్పుడు ఆ చోట బి వచ్చి కూర్చుంది. కళ్లతో చూస్తే తెలుస్తుంది కానీ వాయించేటప్పుడు చూసేది చెయ్యి. ఒక ఆదివారం ఆరాధనలో సంఘమంతా జిలో పాడుతుంటే, ఇ తీగ మీద మూడో ఫ్రెట్ అనుకుని బి తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కి, డి మీద కూర్చున్నాను. అదీ గట్టిగా. పాస్టర్ గారు ప్రార్థనలో మూసుకున్న కళ్లు తెరిచి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంకో ఇబ్బంది బయటివాళ్లకు తెలియనిది. మీటని తీగ ఊరికే ఉండదు. పక్క తీగ కంపిస్తే ఇదీ మూలుగుతుంది. బి తీగ లావుగా, వదులుగా ఉంటుంది కనుక దానికి ఈ రోగం ఎక్కువ. ప్రతి స్వరం కింద ఒక బురద చేరుతుంది. నాలుగు తీగల మీద బొటనవేలు ఒకచోట ఆనించి పెట్టుకునే అలవాటు నాది. ఐదు తీగల మీద ఆ బొటనవేలు కూడా కదలాలి. పై తీగలకు వెళ్లినప్పుడల్లా అది వెనకాలే వచ్చి బి మీదా ఇ మీదా పడుకుని వాటి నోరు మూయాలి. ఇది నేర్పేవాళ్లు నాకు దొరకలేదు. ఇంట్లో దీపం ఆర్పేసి చీకట్లో వాయించుకుంటూ నేర్చుకున్నాను. కళ్లు పనిచేయకపోతే చెయ్యి తొందరగా నేర్చుకుంటుంది. తమ్ముళ్లూ, ఈ ఒక్క సాధన మాత్రం చేసి చూడండి.

సరే, బి తీగ వచ్చింది. ఆ కింది స్వరం నిజంగా జనానికి వినపడుతుందా? దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే షాపువాళ్లు ఇది చెప్పరు.

బి తీగను ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితే సెకనుకు 31 కంపనాలు. గాలిలో ఆ అల ఒక్కటే పదకొండు మీటర్ల పొడవుంటుంది. అంత పెద్ద అలను పుట్టించడానికి పెద్ద స్పీకర్లు కావాలి. మన దగ్గర పెళ్లిళ్లకు వచ్చే మైక్ సెట్టులో స్టాండు మీద నిలబెట్టే బాక్సులు, పదిహేను అంగుళాల స్పీకరువైనా సరే, 50 కంపనాల దగ్గరికి వచ్చేసరికి నీరసపడిపోతాయి. నేల మీద పెట్టే పద్దెనిమిది అంగుళాల బేస్ బాక్సులుంటే ఇంకొంచెం దిగుతాయి. అవి లేనిచోట బి తీగ అసలు స్వరం బయటికే రాదు. దాని పై అనుస్వరాలు మాత్రం వస్తాయి, 62, 93 అలా. మన చెవి మంచిది, వాటిని విని కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. కానీ ఊహించుకున్న స్వరానికి బరువుండదు, గుండెకు తగలదు. రేకుల షెడ్డు కింద అయితే ఇంకో తంటా. బేస్ బాక్సులు మరీ పెద్దవి పెడితే రేకులే పాడతాయి.

అందుకే నేను బి తీగను వట్టిగా మీటడం బాగా తక్కువ. నాకు కావలసింది దాని మీద రెండో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ వరకు: సి షార్ప్, డి, ఇ ఫ్లాట్. మన గాయకులు ఒకటిన్నర, రెండు, రెండున్నర శ్రుతి అంటారే, అవే. ఆ డి 37 కంపనాలు, నాలుగు తీగల దాని ఇ 41. తేడా నాలుగే. ఇ పలికే మైక్ సెట్టు డినీ దాదాపుగా పలుకుతుంది. సౌండ్ చెక్ అప్పుడు మైక్ సెట్టు అన్న దగ్గరికి నేనే పోయి, "అన్నా, 30 కింద అంతా కోసేయి" అని అడుగుతాను. చాలామంది ఆశ్చర్యపోతారు. బేస్ వాయించేవాడు పెంచమని అడుగుతాడు కానీ కోయమనడం వాళ్లు వినలేదు. ఆ పనికిరాని ఊపు పోతేనే పనికొచ్చే డి తేటగా నిలబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఐదో తీగ నాకు అన్నం పెట్టింది కింది స్వరాల వల్ల అనుకుంటే సగమే నిజం. మిగతా సగం ఎడమ చేతిది.

మెడ మీద ఐదో ఫ్రెట్ దగ్గర చెయ్యి పెట్టండి. బి తీగ మీద ఇ ఉంది. దాని పక్క తీగల మీద వరసగా ఎ, డి, జి, సి. చెయ్యి కదపకుండా, నాలుగు వేళ్లతో, కింది ఇ నుంచి మొదలుపెట్టి దాదాపు రెండు స్థాయిల స్వరాలు అక్కడే దొరుకుతాయి. నాలుగు తీగల మీద కింది ఇ, ఎఫ్ కావాలంటే మెడ చివరకు, ఫ్రెట్లు దూరదూరంగా ఉండేచోటికి పరుగెత్తాలి. పైగా అక్కడ వట్టి తీగ కలుస్తుంది. ఐదు తీగల మీద వట్టి తీగతో పని లేదు. పల్లవి అయ్యాక గాయని వెనక్కి తిరిగి "అర పెంచండన్నా" అని సైగ చేసిందనుకోండి, నా చెయ్యి అదే ఆకారంతో ఒక్క ఫ్రెట్ జరుగుతుంది, అంతే. నర్సంపేటలో నాకు లేని ట్రాన్స్‌పోజ్ బటన్ ఇదే. ఇది అర్థమైన రోజు నుంచి నేను కీబోర్డ్ ఎడమ చేతికి భయపడలేదు. నా వేళ్లు తీగ మీద చేసే చిన్న జారుడు, దరువుకు వెంట్రుక వాసి వెనక పడటం, ఆ బటన్లు చేయలేవు. ఎక్కడికి జరిగినా ఆ పని జరపగలిగే చోటు మాత్రం నాకు కావాలి.

వీణ వాయించేవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. వీణకు మెట్ల మీద వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మూడు. అనుమంద్రం మీద ఎంతసేపు వాయిస్తారు? తక్కువే. కానీ తానం వాయిస్తూ ఆ తీగ మీదకు దిగినప్పుడు వినేవాళ్ల వెన్ను నిటారుగా అవుతుంది. నా బి తీగను నేను అనుమంద్రం అనే పిలుస్తాను.

నాలుగు తీగల దాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. ప్రపంచంలో బేస్ వాయించేవాళ్లంతా దండం పెట్టే జేమ్స్ జేమర్సన్ అమెరికాలో మోటౌన్ పాటలెన్నో నాలుగు తీగల ఫెండర్ మీద, కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితో వాయించాడు. జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని నాలుగు తీగల దాని మీద లోకాన్ని తిప్పాడు. మనకు దగ్గరి మాట చెప్పాలంటే ఇళయరాజా గారి పాటలు. అభినందన, గీతాంజలి పాటలు పెట్టుకుని, గొంతు వదిలేసి, కింద నడిచే బేస్‌ను మాత్రం వినండి. అది గాయకుడి పక్కన ఇంకో పాట పాడుతుంటుంది. గాయకుడు ఆగినచోట ఇది మాట్లాడుతుంది, గాయకుడు ఎక్కుతుంటే ఇది దిగుతుంది. ఆ స్వరాల ఎంపిక నేర్చుకోవడానికి నాలుగు తీగలు చాలు. నిజానికి నాలుగే మంచిది. తీగల మధ్య ఎడం ఎక్కువ, మెడ సన్నం, వేలు పెట్టినచోట స్వరం శుభ్రంగా పలుకుతుంది. నేను ఇప్పటికీ ఇంట్లో ఆ పాటలు నాలుగు తీగల మీదే సాధన చేస్తాను. రికార్డింగ్‌కు పిలిస్తే, స్కేలు అందేదైతే, నాలుగు తీగలదే పట్టుకుపోతాను. మైకు ముందు దాని గొంతు గుండ్రంగా ఉంటుంది.

చర్చి పిల్లలకు విడిగా ఒక మాట. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇవాళ బేస్ నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది మీరే. ఫాతిమానగర్ కథెడ్రల్ నుంచి పల్లెల్లో చిన్న ప్రార్థన మందిరాల దాకా వారం వారం తప్పకుండా బేస్ వాయించే చోటు మీకుంది. ఆ భాగ్యం ఆర్కెస్ట్రా వాళ్లకు లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పాటలు రాగం, తాళం కట్టి ఉన్నవి. వాటికి బేస్ షడ్జమం, పంచమం పట్టుకుని నిలబడితే చాలా వరకు సరిపోతుంది. నాలుగు తీగలు ఎక్కువే. ఈ మధ్య వస్తున్న కొత్త ఆరాధన పాటల సంగతి వేరు. అవి కీబోర్డ్ మీద పుట్టిన పాటలు, కింద సి, డి మీద నిమిషాలపాటు ఆనుకుని ఉంటాయి. అక్కడ నాలుగు తీగలవాడికి నర్సంపేటలో నాకు జరిగిందే జరుగుతుంది. మీ చర్చిలో ఏవి ఎక్కువ పాడతారో మీకే తెలుసు. ఎన్.ఐ.టి. వాళ్ల స్ప్రింగ్ స్ప్రీ ఉత్సవంలో బ్యాండు కట్టి గట్టి రాక్ పాటలు వాయించే విద్యార్థులకు చెప్పేది ఇంకా చిన్నది: మీ గిటార్ వాయించేవాళ్లు తీగలు దించి కడుతుంటే, మీకు ఐదు తీగలది తప్పదు.

ఖర్చు సంగతి. ఐదు తీగలది కొనేటప్పుడే ఎక్కువ, తర్వాత కూడా ఎక్కువ. తీగల సెట్టు ధర ఎక్కువ. ఊళ్లో దొరక్కపోతే సికింద్రాబాద్ నుంచి తెప్పించుకోవాలి. అందుకే నా సంచిలో ఎప్పుడూ ఒక బి తీగ అదనంగా ఉంటుంది. ఐదు తీగల వాటిలో చాలావాటికి లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది పాట మధ్యలో అయిపోతే గొంతు పిసికినట్టు శబ్దం చచ్చిపోతుంది. ప్రోగ్రాం అయ్యాక కేబుల్ పిన్ను పీకకపోతే రాత్రంతా ఆ బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. బరువు కూడా ఎక్కువే. హనుమకొండ బస్టాండు నుంచి ములుగుకో పరకాలకో నిలబడి పోయి, అక్కడ నాలుగు గంటలు భుజాన మోసే మనిషికి అర కిలో తేడా చిన్నది కాదు. సన్న పట్టీ వాడకండి. నాలుగు వేళ్ల వెడల్పున్న తోలు పట్టీ కొనండి. నా ఎడమ భుజం ఈ మాట ఆలస్యంగా నేర్చుకుంది.

డబ్బు లేనివాళ్లకు మధ్యలో ఒక దారి ఉంది, ఎవరూ చెప్పరు. నాలుగు తీగల దానికే ఐదు తీగల సెట్టు కొని, అందులో కింది నాలుగు కట్టడం. బి, ఇ, ఎ, డి. పై జి పోతుంది. మన పనిలో పై జి ఎన్నిసార్లు వాడతామో మీరే లెక్క వేసుకోండి. మెడ తల దగ్గర తీగ కూర్చునే గాడిని లావు తీగకు సరిపడా ఆకురాయితో కొంచెం అరగదీయాలి, రెండో కొసన తీగ పొడవు సరిచేయాలి. తెలిసినవాళ్ల చేత చేయించండి, గాడి ఎక్కువ తెగితే తీగ కొట్టుకుంటుంది.  పాటకూ పాటకూ మధ్య ఇ తీగను డికి దించే అలవాటు కూడా కొందరికి ఉంది. నేను ఒప్పుకోను. యాంకర్ మాట్లాడే అర నిమిషంలో శ్రుతి సరిగ్గా దిగదు.

ఆరు తీగల దాని గురించి ఎక్కువ చెప్పను. ఒక మిత్రుడిది నెల రోజులు నా దగ్గర ఉంది. దాని మెడ పట్టుకుంటే అరచెయ్యి నిండిపోతుంది. పై సి తీగ మీద రాగం బాగా పలుకుతుంది, కార్డులు అందంగా వస్తాయి, ఒంటరిగా కూర్చుంటే గంటలు గడిచిపోతాయి. నెల రోజుల్లో ఒక్క ప్రోగ్రాంలోనూ ఆ పై తీగ నాకు అవసరం రాలేదు. సొంత సంగీతం కట్టేవాళ్లు, ఒంటరిగా కచేరీ చేసేవాళ్లు కొనుక్కోండి. పెళ్లి ప్రోగ్రాంలకు వద్దు.

ఇక ఆ తమ్ముడికి నా తీర్పు. బేస్ పట్టుకుని రెండేళ్లు కాకపోతే నాలుగు తీగలది కొను. చెయ్యి కుదురుతుంది, చెవి కుదురుతుంది. రెండేళ్లు దాటి, వారం వారం వేరేవాళ్ల గొంతుకు తగ్గట్టు స్కేలు మార్చుకుంటూ వాయిస్తున్నావంటే, ఒక్కటే కొనగలవంటే, ఐదు తీగలది కొను. నా లెక్క ఇది.

కానీ నా మాట మీద బాపు డబ్బు పెట్టకు. ఒక లెక్కల పుస్తకం కొని గిటారు సంచిలో పెట్టుకో. నెల రోజులు వాయించిన ప్రతి పాటకూ రెండే సంగతులు రాయి: ఏ స్కేలులో పాడారు, కింద స్వరం లేక నువ్వు పైస్థాయికి పారిపోయావా లేదా. నెలాఖరుకు లెక్కపెట్టు. పాటల్లో నాలుగో వంతుకు మించి పారిపోయి ఉంటే ఐదు తీగలది. లేకపోతే నాలుగు తీగలది కొని, మిగిలిన డబ్బుతో ఒక మంచి ఆంప్లిఫయర్ కొనుక్కో.

వరంగల్‌లో బేస్ వాయించే అన్నలకు ఒక మనవి. మన దగ్గర ఇటువంటి వాయిద్యాలు చేతపట్టి వాయించి చూసి కొనే పెద్ద షాపులు లేవు. పిల్లలు ఫోన్లో బొమ్మ చూసి డబ్బు కట్టేస్తున్నారు. మీ ఇంట్లో గోడకు వేలాడుతున్న రెండో గిటారును ఒక ఆదివారానికి ఒక పిల్లవాడికి ఇవ్వండి. తమ్మీ, నా దగ్గర నాలుగు తీగలదీ ఉంది, ఐదు తీగలదీ ఉంది. కాజీపేటలో మమ్మల్ని కలిసిన చోటే మళ్లీ కలువు. ఒక ఆదివారం ఇది, ఇంకో ఆదివారం అది తీసుకుపోయి మీ చర్చిలో వాయించి చూడు. ఆ తర్వాత కొను.